రంగులు దసరా తర్వాతైనా వేయించుకోవచ్చు, ముందు ఎర్తింగ్ చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వనస్థలిపురంలో 20 ఏళ్ల నాటి జీ ప్లస్ వన్ ఇల్లు కొన్నారు. దసరాలోపు దిగాలి. పెయింటర్ లక్షన్నర చెప్పాడు. రంగులతో పాటు ఇంకేమైనా చూసుకోవాలా, ఆ తర్వాత ఏటా ఏం చేసుకుంటూ ఉండాలి? ఇంట్లో అమ్మానాన్న, నాలుగేళ్ల పాప ఉన్నారు.

నేను హైదరాబాద్‌లో 26 ఏళ్లుగా ఇళ్ల పనులు చేయిస్తున్నాను. మొదట సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను, ఇప్పుడు పాత ఇళ్ల రిపేర్లే ఎక్కువ. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు దాదాపు అందరూ మీలాగే పెయింటర్‌తోనే మొదలుపెడతారు. కంటికి కనిపించేది అదే కాబట్టి తప్పు పట్టను. కానీ ఆ లక్షన్నరలో ఓ పాతిక, ముప్పై వేలు పక్కన తీసి ముందు కరెంటు, గ్యాసు, సంపు చూడండి. ప్రాణం తీసేవి ముఖ్యంగా ఈ మూడే. గోడ చెమ్మ, నల్లా కారడం వంటివి డబ్బు తింటాయంతే, వాటికి నెలో రెండు నెలలో గడువు ఇవ్వొచ్చు. గోడలు చివరకు. పైగా ఎలక్ట్రీషియన్, ప్లంబర్ గోడలు కొట్టాక రంగు వేయించుకుంటే మళ్లీ వేయించే పని తప్పుతుంది.

మొదట ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ. మీటరు బోర్డు దగ్గర్లోనో, కాంపౌండ్ మూలలోనో నేల మీద చిన్న సిమెంటు మూత గానీ, పైకి లేచిన ఇనప పైపు గానీ ఉండాలి. చాలా ఇళ్లలో పార్కింగ్ టైల్స్ వేసేటప్పుడు దాన్ని కప్పేస్తారు, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మన దగ్గర నాలుగైదు అడుగులు తవ్వితే రాయి తగిలే చోట్లు ఎక్కువ. దానికి తోడు ఏప్రిల్, మే వచ్చేసరికి నేల ఎండిపోతుంది. ఎండిన నేలలో ఎర్తింగ్ సరిగా పనిచేయదు. అందుకే పాతవాళ్లు ఎండాకాలంలో ఆ గుంతలో వారానికో బకెట్ నీళ్లు పోసేవాళ్లు. అది చాదస్తం కాదు.

సాకెట్‌కు మూడు రంధ్రాలున్నాయి కాబట్టి ఎర్తింగ్ ఉన్నట్టే అనుకోవద్దు. మల్కాజ్‌గిరిలో ఒక ఇంట్లో బాత్రూం నల్లా ముట్టుకుంటే చేయి జిమ్మంటోందని పిలిచారు. ప్రతి గదిలో సాకెట్ విప్పి చూశాం, ఆకుపచ్చ వైరు చక్కగా బిగించి ఉంది. తీరా ఎంసీబీల (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చుల) డబ్బా విప్పితే, ఆ ఆకుపచ్చ వైర్లన్నీ ఒద్దికగా ఉండ చుట్టి, టేపు వేసి, డబ్బా వెనక్కి తోసి ఉన్నాయి. భూమికి వెళ్లే తీగే లేదు. కట్టినప్పటి నుంచి అంతే. అంటే ఆ ఇంట్లో గీజర్ లోపల కాయిల్ చిట్లితే, ఆ కరెంటుకు నేలలోకి వెళ్లే దారి స్నానం చేసే మనిషి ఒంట్లోంచే.

కాబట్టి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు పనులు మీ ఎదురుగా చేయించండి. న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు), ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలవమనండి. రెండు మూడు వోల్టులు దాటితే ఏదో తేడా ఉన్నట్టు. గీజర్, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, మోటార్ సాకెట్లు విప్పి ఎర్త్ వైరు ఉందో లేదో చూడమనండి. మూడోది, ఎర్త్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు తెచ్చి గుంత దగ్గర చూడమనండి. ఇంటికి 5 ఓమ్‌ల లోపు ఉంటే మంచిది. ‘మీటరు అక్కర్లేదు సార్, బల్బు పెట్టి చూస్తే చాలు’ అంటాడు. బల్బు వెలిగితే దారి ఉందని తెలుస్తుంది, ఆ దారి ఎంత మంచిదో తెలియదు.

తర్వాత ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు. దీని గురించి ఎంత చెప్పినా ‘మాకు ఎంసీబీలు ఉన్నాయి కదండీ’ అంటారు. ఎంసీబీ కాపాడేది గోడలో ఉన్న వైరును. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటితే గానీ కదలదు. మనిషి గుండె ఆగడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ చూసేది వేరు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందంటే ఎక్కడో లీకవుతున్నట్టు, సెకనులో మూడో వంతు గడవకముందే లైను కట్ చేస్తుంది. షాపులో అడిగేటప్పుడు 30 మిల్లీ అని గట్టిగా చెప్పండి, 100దీ 300దీ కూడా అమ్ముతారు. అవి మంటలు రాకుండా పెట్టేవి, మనిషిని కాపాడవు. దాని మీద ‘టీ’ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టక్‌మని పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. మా ఇంట్లో ఒకటో తారీఖున పాలవాడికి డబ్బులిచ్చి వచ్చి ఆ బటన్ నొక్కడం నా పని.

పెట్టిన కొత్తలో అది మాటిమాటికీ పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ విసుక్కుని ‘తీసేద్దాం సార్’ అంటాడు. ఒప్పుకోవద్దు. ఊరికే పడదు. గీజరో, డాబా మీద వానకు తడిసిన లైటో, పాత మిక్సీయో ఎక్కడో లీకవుతుంటే పడుతుంది. ఒక్కో లైను తీసి చూస్తే దొరుకుతుంది.

జీ ప్లస్ వన్ కాబట్టి మీకు త్రీ ఫేజ్ మీటరు ఉండొచ్చు. ఉంటే ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఒక గదిలో లైట్లు మండిపోతున్నంత వెలుగుతూ, ఇంకో గదిలో మిణుకుమిణుకుమంటుంటే న్యూట్రల్ వదులైనట్టు. అప్పుడు 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా పోవచ్చు. టీవీ, ఫ్రిజ్ కాలిపోవడానికి నిమిషం చాలు. కారణం వెతుకుతూ కూర్చోకుండా మెయిన్ ఆఫ్ చేసి, తప్పు ఇంట్లోదో స్తంభం దగ్గరిదో తర్వాత చూసుకోండి. కరెంటు ఆఫీసు నంబరు 1912. అలాగే మెయిన్ ఆఫ్ చేసినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ డబ్బాలో చేయి పెట్టేముందు ఇన్వర్టర్ కూడా ఆపారో లేదో మీరే చూడండి.

గీజర్ దగ్గరకు వస్తే, మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. ఏడాదిలో కాయిల్ చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్లు వేడెక్కడానికి పట్టే సమయం పెరగడం, లోపల మరుగుతున్నట్టు గరగర శబ్దం రావడం దాని గుర్తులు. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించి, లోపల ఉండే మెగ్నీషియం రాడ్డు అరిగితే మార్పించండి. అది తాను అరుగుతూ ట్యాంకు తుప్పు పట్టకుండా ఆపుతుంది. ట్యాంకు కింద ఉండే సేఫ్టీ వాల్వ్ నుంచి బొట్టు బొట్టు కారుతోందని కొందరు ప్లంబర్లు దానికి బిరడా బిగిస్తారు. అలా చేస్తే ట్యాంకులో ప్రెషర్ బయటికి పోయే దారి మూసినట్టే. గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని బాత్రూం బయట, గాలి ఆడే చోటికి మార్చండి. మూసిన బాత్రూంలో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి స్పృహ తప్పాక గానీ తెలియదు.

ఇప్పుడు మీ డాబా మీదికి వెళ్లి బట్టలు ఆరేసే దండెం చూడండి. నేను చూసిన పాత ఇళ్లలో సగానికి పైగా అది జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనప తీగ. ఒక కొస పిట్టగోడ మేకుకు, ఇంకో కొస ఇనప పైపుకో, డిష్ స్టాండుకో కట్టి ఉంటుంది. అదే దారిలో స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు వేలాడుతుంటుంది. ఎండకు దాని తొడుగు పగుళ్లిస్తుంది, గాలికి తీగ మీద రాసుకుంటుంది. వాన పడ్డ సాయంత్రం తడి బట్టలు తీయడానికి వెళ్లిన ఆడవాళ్లు ఆ తీగ పట్టుకుని పోయారన్న వార్తలు తెలంగాణలో ప్రతి వానాకాలం వస్తూనే ఉన్నాయి. పట్టుకున్నవాళ్లను లాగబోయి రెండోవాళ్లు కూడా పోతారు. ఆ తీగ ఈరోజే కోసి పారేసి నైలాన్ తాడు కట్టండి. ఈ మొత్తం జవాబులో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇదే, 100 రూపాయలు కూడా కాదు. నిజానికి ఇదే అన్నిటికన్నా ముందు రాయాల్సింది. సర్వీసు వైరు పాడైతే మాత్రం మీరు ముట్టుకోకుండా లైన్‌మన్‌కు చెప్పండి.

గ్యాసు. రెగ్యులేటర్ నుంచి స్టవ్‌కు వెళ్లే నారింజ రంగు పైపు మీద తయారైన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. 5 ఏళ్లు దాటితే బాగున్నట్టు కనిపించినా మార్చాలి. పాత ఓనర్ వదిలేసిన పైపు అసలే వాడొద్దు. సిలిండర్ తీసుకునేటప్పుడు పైన పట్టీల లోపలివైపు ఒక ఇంగ్లిషు అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి వరకు, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబర్, డీ అంటే డిసెంబర్. బీ 27 అని ఉంటే 2027 జూన్ తర్వాత ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాలి. గడువు దాటింది వస్తే తిప్పి పంపండి. లీకు అనుమానం ఉంటే సబ్బు నురగ రాయండి, బుడగ లేస్తే లీకున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

వంటగ్యాసు గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల వెంట పరుచుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, తలుపులు బార్లా తెరిచి, అందరినీ బయటికి తీసుకెళ్లి అక్కడి నుంచి 1906కు ఫోన్ చేయండి. స్విచ్ వేయడమే కాదు, వేసి ఉన్నది ఆపడం కూడా వద్దు, రెండిట్లోనూ నిప్పురవ్వ పుడుతుంది. మాడ్యులర్ కిచెన్ చేయిస్తుంటే సిలిండర్ పెట్టే అరకు అడుగున చిల్లులు పెట్టించండి. కార్పెంటర్ పైన పెడతాడు, చూడ్డానికి బాగుంటుందని.

సంపు విషయంలో ఒక్కటే చెప్తాను. ఆరు నెలలకోసారి కడిగించడం అందరికీ తెలిసిందే. ఎలా కడిగిస్తున్నారన్నదే అసలు సంగతి. మూత తీయగానే పనివాణ్ణి దింపొద్దు. చాలాకాలం మూసి ఉన్న సంపులో ఊపిరాడే గాలి ఉండకపోవచ్చు. మూత రెండు మూడు గంటలు తెరిచి ఉంచాలి, ఫ్యానుతో గాలి కొట్టించాలి, లోపలి మోటార్ మెయిన్ దగ్గరే ఆపాలి, పైన ఇంకో మనిషి నిలబడి మాట్లాడుతూ ఉండాలి. లోపలివాడు పడిపోతే పైవాడు దూకకూడదు, ముందే నడుముకు కట్టిన తాడుతో లాగాలి. పెట్రోలు ఇంజన్ పంపు లోపల పెట్టనివ్వొద్దు. బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట బాత్రూం యాసిడ్ వాడొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. సెప్టిక్ ట్యాంకైతే అసలు మనిషినే దింపొద్దు. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. మిషన్ బండి పిలవండి. పాప ఉంది కాబట్టి సంపు మూతకు తాళం కప్ప వేయండి. ప్లాస్టిక్ మూతలు ఎండకు పెళుసెక్కి కాలు పెడితే విరుగుతాయి, ఇనపది చేయించండి.

ఇక డబ్బు తినేవి. చెమ్మ విషయంలో నా సంగతే చెప్పాలి. మా పడకగది గోడ కింద మూడడుగుల దాకా రంగు పొక్కులు లేచి, తెల్లటి ఉప్పు రాలేది. ఐదేళ్లలో మూడుసార్లు గీకించి, పుట్టీ పెట్టించి, వాటర్‌ప్రూఫ్ రంగు వేయించాను. నేలలోంచి చెమ్మ ఎక్కుతోందని నలుగురికీ నేను చెప్పే మాటే నాకు నేను చెప్పుకున్నాను. ఒక సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చాం. మా ఆవిడ గోడ మీద చేయి పెట్టి, ‘మనం లేకపోతే ఎండింది చూడండి. నేల చెమ్మైతే మనం ఊళ్లో ఉన్నామో లేదో దానికెలా తెలుస్తుంది?’ అంది. గోడకు అవతల బాత్రూం. నాణీ ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు బయటికి పోయే గొట్టం నోరు) చుట్టూ సిమెంటు వదిలేసి, స్నానం చేసిన ప్రతిసారీ చెంబెడు నీళ్లు గోడలోకి పోతున్నాయి. రిపేరుకు ఒక పూట పట్టింది.

అందుకే చెమ్మ కనిపిస్తే రంగు డబ్బా కొనేముందు నీళ్లు ఎక్కడివో తేల్చండి. బాత్రూం నాణీకి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి ఒక రోజు ఉంచితే కింది గది స్లాబు చెప్పేస్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టి, పొద్దున ఎవరూ నల్లా తిప్పకముందు చూడండి. దిగితే ఎక్కడో కారుతోంది. మొదటి అనుమానం ఫ్లష్ ట్యాంకు మీదే. అందులో బట్టల నీలిమందు నాలుగు చుక్కలు వేసి అరగంట ఆగండి. ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లోకి నీలం వస్తే లోపలి వాషర్ అరిగినట్టు. చిన్న ధారే గానీ రోజంతా పోతుంది. నల్లా కొసన జల్లెడ మూసుకుపోతే విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా వేయండి, కొత్తది కొనక్కర్లేదు.

డాబా మే నెలలో చూసుకోవాలి, జూన్‌లో చినుకు పడ్డాక కాదు. నీళ్లు దిగే పైపు నోటి దగ్గర ఆకులు, పిల్లల బంతులు, పావురాల చెత్త తీయించండి. నాలుగు బకెట్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. నిలిచే చోట వాలు సరిచేయకుండా మీద కెమికల్ పూస్తే రెండు వానాకాలాలు కూడా ఆగదు.

20 ఏళ్ల ఇల్లు అన్నారు కాబట్టి బాల్కనీ కింది భాగం, సజ్జలు, ట్యాంకు కింది స్లాబు జాగ్రత్తగా చూడండి. కర్రతో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి శబ్దం మధ్యలో ఎక్కడైనా డొల్లగా మోగితే లోపల రాడ్డు తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును నెట్టేస్తున్నట్టు. మేస్త్రి వచ్చి ‘పెచ్చు రాలింది, ప్లాస్టర్ చేస్తే సరి’ అంటాడు. అది పుండు మీద పౌడర్ అద్దడమే. వదులుగా ఉన్నదంతా కొట్టేసి, రాడ్డు తుప్పు గీకి, దానికి పూత వేసి అప్పుడు మూయాలి. గోడ మీద వెంట్రుక లాంటి గీతలకు టెన్షన్ పడొద్దు, అవి ప్లాస్టర్‌వి. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి. మూడు నెలల్లో గీత దాటినా, దూలం మీద ఏటవాలుగా కనిపించినా, వేలిగోరు దూరేంత వెడల్పున్నా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవండి. అక్కడ నాలాంటి వాడి మాట పనికిరాదు.

చివరిగా మెట్ల దగ్గరి గేటు. దొంగల భయంతో కింద కొలాప్సిబుల్ గేటు, ప్రతి కిటికీకి గ్రిల్, తాళం చెవి నాన్నగారి దిండు కింద. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో పొద్దున్నే మంటలు వచ్చి 17 మంది పోయారు, అందులో పిల్లలు 8 మంది. పైకీ కిందికీ ఉన్నది ఒక్కటే ఇరుకు మెట్ల దారి. మీరు మెట్లను వెడల్పు చేయలేరు గానీ ఆ దారిలో అట్టపెట్టెలు, పాత పరుపులు లేకుండా చేయగలరు. తాళం చెవి గేటుకు చేయి దూరంలో, బయటివాళ్లకు అందని చోట మేకుకు తగిలించండి, ఇంట్లో అందరికీ అదే చోటు తెలియాలి. ఒక పడకగది కిటికీ గ్రిల్‌ను లోపలి నుంచి తెరుచుకునేలా మార్పించండి, మామూలు వెల్డర్ చేసేస్తాడు. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంటే మెట్ల కింద రాత్రంతా చార్జింగ్ పెట్టొద్దు. మంట వచ్చేది బయటికి పోయే దారిలోనే. పార్కింగ్‌లో బయటివైపు దానికి విడిగా 16 ఆంపియర్ల సాకెట్ వేయించండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు.

చెదలు, దోమతెరలు, తలుపు కీచుమనడం ఇవన్నీ దిగాక తీరిగ్గా చూసుకోవచ్చు. ద్వారబంధం వెంట మట్టి గీత కనిపిస్తే మాత్రం తుడిచేసి ఊరుకోకుండా మందు కొట్టేవాణ్ణి పిలవండి, తుడిస్తే ఇంకోవైపు నుంచి వస్తాయి.

పెయింటర్‌కు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే లోపలి గదులు రెండు వేయించుకుని బయటిది ఆపండి. ఎర్తింగ్ గుంత ఎక్కడుందో ఈ ఆదివారమే పాత ఓనర్‌కు ఫోన్ చేసి అడగండి. సంపు నుంచి ట్యాంకుకు పైపు ఏ గోడలో పోయిందో, సెప్టిక్ ట్యాంకు మూత ఏ టైల్ కింద ఉందో కూడా అప్పుడే అడిగి, ఫొటో తీసి సుద్దతో గుర్తు పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ అయిన కొత్తలో ఫోన్ ఎత్తుతారు.